ఇరవయ్యో పిన్ను

శ్రవణ్‌కుమార్ ఏ పని మొదలుపెట్టినా ముందుగా చేతులు దులుపుకుంటాడు. పని ముగిశాక దులుపుకునేవాళ్లను అమల ఊళ్లో చాలామందిని చూసింది. మొదలుపెట్టకముందే దులుపుకునే మనిషిని మాత్రం నగరంలోని జహనుమాకు పనికి వచ్చాకే చూసింది.

ఆ రోజు కూడా దులుపుకున్నాడు. భుజాన ఉన్న సంచిలోంచి సబ్బుబిళ్లంత నల్లటి డబ్బా తీసి బల్ల మీద పెట్టి, "ఇగో, మీ కష్టాలన్నీ ఖతం" అన్నాడు.

కష్టాలు జూన్‌లో మొదలయ్యాయి. మినపపప్పు గోదాం మీద ఉన్న ఆ ఒక్క గదికి "శ్రీమతి నాగమణమ్మ స్మారక అంధుల ముద్రణాలయం" అని గోడంత బోర్డు ఉంది. లోపల ఉన్నది ఒకే ఒక్క మిషను. అది సిరా ముట్టదు. మందపాటి కాగితం మీద చుక్కలు పొడుస్తుంది. ఆ చుక్కలను వేళ్లతో తడిమి చదువుకునే పిల్లలు నగరంలో నాలుగైదు హాస్టళ్లలో ఉన్నారు. మిషను పాతికేళ్లది, ఇంకా గట్టిగానే ఉంది. దానికి పాఠాలు అందించే కంప్యూటర్ మాత్రం మొదటి వాన ఉరుముకే కన్ను మూసింది.

ఈ ముద్రణాలయం ట్రస్టు నడిపే విశ్వేశ్వర్ సేటుకు ఉస్మాన్‌గంజ్‌లో పప్పుల హోల్‌సేల్ దుకాణం. అక్కడ మూలన పడేసిన కంప్యూటర్‌ను ఆటోలో పంపించి, పంపించినందుకు ఒక ఫోటో కూడా దిగాడు. ఆ కంప్యూటర్ వెనక కేబుల్ గుచ్చే వెడల్పాటి పోర్టు ఒకటే ఉంది. కంప్యూటర్ ప్రతి అక్షరాన్నీ ఎనిమిది ముక్కలుగా పంపుతుంది, ఆ పోర్టులోంచి ఎనిమిదీ పక్కపక్కన ఒకేసారి బయటికి వస్తాయి. దాన్ని పారలల్ అంటారు. పాత మిషనుది ఇరుకు దారి. దానికి ఒకే తీగ మీద ఒక్కొక్క ముక్కా వరసగా రావాలి, అది సీరియల్. పక్కపక్కన నడిచి వచ్చే ఎనిమిదిమందిని ఆపి, ఒకరి వెనక ఒకరిని నిలబెట్టి సందులోకి పంపే పెట్టె ఒకటి మధ్యలో కావాలి. ఆ పెట్టె కోసం సేటు తన అక్క కొడుకు శ్రవణ్‌కుమార్‌ను పిలిపించాడు. అతనికి మలక్‌పేటలో కంప్యూటర్ల దుకాణం ఉంది. అందులో ఎక్కువగా అమ్ముడుపోయేవి మొబైల్ కవర్లు.

అతను తెచ్చిన మొదటి పెట్టె పని చెయ్యలేదు. నాలుగు రోజులు మిషనును తిట్టాడు. "గిది మిషనా, మ్యూజియం పీసా?" అన్నాడు. ఐదో రోజు అతను చాయ్ తాగడానికి కిందికి దిగినప్పుడు అమల పెట్టెను తిప్పి చూసింది. వెనక చిన్న బాణం గుర్తు ఉంది. సీరియల్ నుంచి పారలల్‌కు. అంటే సరిగ్గా ఉల్టా. అతను తిరిగి రాగానే బాణం చూపించింది.

"అది నాకు ఫస్ట్ రోజే ఎరుకే" అన్నాడు శ్రవణ్‌కుమార్. "టెస్టింగ్ కోసం తెచ్చిన."

అమల పెట్టెను బల్ల మీద పెట్టేసింది. కల్వకుర్తి అవతల ఊరి బడిలో చదువుకున్న పిల్ల అది. లెక్కల సారు బోర్డు మీద తప్పు వేసినా, సారే చూసుకునేదాకా కూచునే అలవాటు. రెండేళ్లుగా ఇక్కడ పాఠాలు టైపు చేస్తోంది. చూసి చూసి, చుక్కలను కంటితోనే చదవడం వచ్చేసింది.

కిటికీ పక్క కుర్చీలో లలితమ్మ నవ్వింది. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. ఇరవైరెండేళ్లుగా ఆ గదిలో అచ్చయిన ప్రతి పేజీ ఆమె వేళ్ల కిందుగా పోవాల్సిందే. తప్పుంటే ఆ చోట గోటితో నొక్కుతుంది. లేకపోతే ఆఖరి పేజీ కింద తన పేరులోని మొదటి అక్షరం పొడుస్తుంది. ఆ అక్షరం లేని పుస్తకం గది దాటదు. ఇంకో పద్ధతి కూడా ఉంది ఆమెకు. ఏ పుస్తకాన్నీ మొదటి పేజీతో వదలదు.

"మొదటి పేజీ అందరు మంచిగనే కొడ్తరు బిడ్డా" అనేది అమలతో. "కొత్త చీపురు లెక్క. నడుమ తెరిచి చూడాలె. మనిషి ఎట్లాంటోడో, మిషన్ ఎట్లాంటిదో నడుమనే తెలుస్తది."

ఇప్పుడు బల్ల మీద పెట్టిన సబ్బుబిళ్ల రెండో పెట్టె. బాణం ఈసారి సరైన వైపే ఉంది. పక్కన చిన్న చిన్న స్విచ్‌లు ఎనిమిది. వాటితో మిషనుకు అలవాటైన వేగం చెప్పాలి. శ్రవణ్‌కుమార్ వాటిని పైకీ కిందికీ ఎన్నో రకాలుగా తిప్పాడు. మిషను పిచ్చి పట్టినట్టు కాగితాన్ని పొడిచింది.

"అన్నా, మిషన్ అడుగున రాసుంది చూడు" అంది లలితమ్మ.

అతను వంగి చూశాడు. "ఏం లేదు. తెల్ల స్టిక్కర్ ఉంది, ఖాళీది."

"ఖాళీది కాదు. చుక్కలున్నయి. మిషన్ బిగించిన ఇంజనీరు పొడిపించి పోయిండు." లలితమ్మ లేచి వచ్చి, చెయ్యి కిందికి పెట్టి చదివింది. "వేగం తొమ్మిదివేల ఆరువందలు. ఇరవయ్యో పిన్ను తీగ తప్పక వెయ్యాలె. అది లేకుంటే మిషన్ ఆగుమన్నది అవతలోనికి ఇనపడదు."

వేగం మాట అతను విన్నాడు. అది తానే కనిపెట్టినట్టు "తొమ్మిదివేల ఆరువందలు ట్రై చేద్దాం" అని స్విచ్‌లు మార్చాడు. మిషను శుభ్రంగా పొడవడం మొదలుపెట్టింది.

"మరి ఇరవయ్యో పిన్ను?" అంది లలితమ్మ.

"అమ్మా, ఫికర్ చెయ్యకు. నేను కేబుల్ మూడు తీగలతో చేసిన. పోయేదొకటి, వచ్చేదొకటి, గ్రౌండ్ ఒకటి. దునియా మొత్తం మూడు తీగల మీదనే నడుస్తుంది. ఇరవయ్యో పిన్ను గిట్ల అన్నీ పాతకాలం ముచ్చట్లు."

పాతకాలం మిషనుకు పాతకాలం ముచ్చట్లే కావాలని అతనికి తట్టలేదు.

రెండు వరుసలు అచ్చు వేసి చూపించి, శ్రవణ్‌కుమార్ పెట్టెకూ కేబుల్‌కూ కలిపి "ముట్టవద్దు" అని కాగితం అతికించాడు. తర్వాత మళ్లీ చేతులు దులుపుకున్నాడు.

పదో తరగతి సైన్సు పాఠాలు జూన్ నుంచి కాచుకుని ఉన్నాయి. అయినా కొత్త పెట్టె మీద మొదటగా అచ్చవ్వాల్సిన పుస్తకం ఏదో సేటు నిర్ణయించాడు. "మాతృమూర్తి నాగమణమ్మ: ఒక ఆదర్శ జీవితం." తన తల్లి గురించి తానే చెప్పి రాయించింది. అంధ విద్యార్థులకు ఆమె ఏ సంవత్సరంలో ఏ గోదాం కొన్నదో తెలియడం అత్యవసరం అని ఆయన నమ్మకం. అమల టైపు చేస్తే ముప్పై ఆరు బ్రెయిలీ పేజీలు తేలింది.

సేటు స్వయంగా వచ్చి కూచున్నాడు. శ్రవణ్‌కుమార్ బటన్ నొక్కాడు. నిమిషం కాకముందే స్క్రీన్ మీద పని పూర్తయిందని వచ్చింది.

"చూసినవా మామా! పాత కంప్యూటర్‌కైతే ఎంత పట్టేది?"

"పది నిమిషాలు" అంది అమల మెల్లగా.

"పది నిమిషాల పని ఒక్క నిమిషం!"

మిషను ఇంకొంచెంసేపు పొడిచి ఆగింది. అమల కాగితాలు చింపి లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. ఏడు.

"సేటూ, ముప్పై ఆరు రావాలె. ఏడే వచ్చినయి."

సేటు కనుబొమలు ముడిచి మేనల్లుడి వైపు చూశాడు. శ్రవణ్‌కుమార్ ఒక్క క్షణం గాలి మింగాడు. ఒక్క క్షణమే. అతని తెలివంతా అలాంటి క్షణాల కోసమే దాచిపెట్టినది.

"కంప్రెషన్, మామా. కొత్త టెక్నాలజీ. పెద్ద ఫోటో వాట్సాప్‌ల పంపితే చిన్నగైతది కద? గట్లనే. ముప్పై ఆరు పేజీల సామాను ఏడు పేజీలల్ల కూసుంటది. పేపర్ ఆదా."

సేటు ముఖం వెలిగిపోయింది. పప్పులో తరుగు వస్తే నాలుగు రోజులు నిద్రపోని మనిషి, తల్లి జీవితంలో ఇరవైతొమ్మిది పేజీల తరుగు వస్తే "క్యా బాత్ హై!" అని మేనల్లుడి వీపు తట్టాడు. ఏడు కాగితాలనూ చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి, చదువుతున్నట్టు తల ఊపాడు. తలకిందులుగా పట్టుకున్నాడు.

అమల పక్క నుంచి చూసింది. మొదటి రెండు పేజీలు చక్కగా ఉన్నాయి. మూడో పేజీ నుంచి ఎలుకలు కొరికిన బియ్యం సంచిలా ఉంది. ఒక అక్షరం ఉంటే పది లేవు. ఒక వరుసలో మొదలు, ఇంకో వరుసలో చివర.

"సేటూ, మూడో పేజీ..."

"ఏమ్మా" అన్నాడు శ్రవణ్‌కుమార్, "నీకు కంటికి కనపడే తెలుగు టైపు చెయ్యొస్తది. గిది వేరే లైన్. నువ్వు చదివిన ఊరి బడిల కంప్రెషన్ చెప్పిన్రా?"

"చెప్పలే" అంది అమల. నిజమే, చెప్పలేదు. లెక్కపెట్టడం మాత్రం చెప్పారు.

అప్పుడు సేటు గొంతు సవరించుకుని లలితమ్మ వైపు తిరిగాడు. ఆయనకు మంచి చెయ్యబోయేటప్పుడు గొంతు సవరించుకునే అలవాటు.

"లలితమ్మా, ఇంత మంచి సిస్టం వచ్చింది. స్క్రీన్ మీద కరెక్ట్ ఉంటే కాగితం మీద కూడ కరెక్టే అంటున్నడు మనవాడు. ఇంక నువ్వు వేళ్లు అరగదీసుకునుడెందుకు? ఆదివారం ఫంక్షన్ పెడ్తున్న. సంఘం ప్రెసిడెంట్ అంజన్న వస్తున్నడు. నీకు శాలువ కప్పి, సన్మానం చేసి, ఆరామ్‌గ ఇంటికి పంపిస్త."

"ఇంటికి పోయి ఏం చదవాలె సేటూ?" అంది లలితమ్మ. "గోడలా?"

సేటు అది జోకు అనుకుని నవ్వాడు. శ్రవణ్‌కుమార్ అంతకంటే గట్టిగా నవ్వాడు.

వాళ్లు వెళ్లాక లలితమ్మ తన కుర్చీ చేతులను అటూ ఇటూ నిమిరింది. కుడి చెయ్యి ఆనించేచోట చెక్క నున్నగా అరిగింది. "గా పుస్తకం ఇటియ్యి బిడ్డా, చూస్త" అంది.

"శ్రవణన్న బైండింగ్‌కు తీస్కపోయిండు అమ్మా."

"నేను చూడకుండనా?"

"నువ్వు చూడకుండనే."

అమల మిగిలిన కాగితాలు సర్దుతూ ఆలోచించింది. తను గట్టిగా ఒక్క మాట చెప్పి ఉంటే? చెబితే ఎవరు వింటారు? సేటుకూ మేనల్లుడికీ చెవులు ఉన్నది కళ్లజోడు ఆనడానికే.

పాత కంప్యూటర్ కేబుల్ ఇంకా బీరువా కింద పడి ఉంది. మర్నాడు అమల దాని కొన ఉన్న ప్లాస్టిక్ తొడుగు విప్పి చూసింది. ఎర్రది, నల్లది, పచ్చది. అవి మూడు. వాటికి కాస్త దూరంగా ఇరవై అంకె వేసిన పిన్నుకు తెల్లటి తీగ, సన్నగా, దుమ్ము పట్టి ఉంది. దాని పని అప్పుడు ఆమెకు స్పష్టంగా అర్థమైంది. మిషను నెమ్మదిది. దాని కడుపు రెండు పేజీలంత. కడుపు నిండగానే ఆ తెల్లతీగ మీద చెయ్యెత్తి ఆగమంటుంది. పాత కంప్యూటర్ ఆగేది. అందుకే పది నిమిషాలు పట్టేది. ఇప్పుడు చెయ్యెత్తితే చూసేవాడు లేడు. సబ్బుబిళ్ల నిమిషంలో ముప్పై ఆరు పేజీలూ కుమ్మరించి చేతులు దులుపుకుంటుంది, అచ్చం దాన్ని తెచ్చినవాడిలాగే.

ఆ సాయంత్రం బస్సెక్కి కోఠి గుజరాతీ గల్లీకి పోయింది. పెట్టె దగ్గరి పిన్నుల బొమ్మ కాగితం మీద గీసుకుని, ఒక ముసలి రిపేరు చాచాకు చూపించింది. ఆయన అద్దాలు నుదుటి మీదికి నెట్టి చూశాడు.

"తీన్ తార్? ఏ కిస్ ఉస్తాద్‌కా కామ్ హై, బేటీ?"

మూడు తీగలేనా, ఏ మొనగాడి పని ఇది అని ఆయన అడుగుతుంటే అమలకు ఇన్ని రోజుల్లో మొదటిసారి నవ్వొచ్చింది. చాచా నాలుగో తీగ వేసి కొత్త కేబుల్ చేసి ఇచ్చాడు. పెట్టె పక్కన ఉన్న స్విచ్‌లలో ఆఖరుది కిందికి దించమని కూడా చెప్పాడు. అప్పుడే పెట్టె ఆ తీగను పట్టించుకుంటుందట.

కేబుల్ సంచిలో పెట్టుకుని వస్తుంటే దారి పొడవునా ఒకటే ఆలోచన. రేపే మార్చేసి, పుస్తకం మళ్లీ కొట్టి, సరిచేసి పెట్టొచ్చు. పెడితే ఏమవుతుంది? ఆదివారం అంతా సవ్యంగా జరుగుతుంది. శ్రవణ్‌కుమార్‌కు దండ, లలితమ్మకు శాలువా. అతని తప్పును తాను దిద్దడమంటే ఆమె కుర్చీని తన చేత్తో ఎత్తి బయట పెట్టడమే.

శనివారం మధ్యాహ్నం అన్నం తింటూ అడిగింది. "అమ్మా, రేపు స్టేజీ మీద నీతోని పుస్తకం చదివిస్తరట. ఎట్ల చదువుతవు?"

"ఎట్లేంది? ఎప్పటి లెక్కనే."

అమల కేబుల్‌ను సంచిలోనే ఉంచుకుంది.

ఆదివారం పొద్దున గోదాం ముందు షామియానా వేశారు. మిషనును కూడా పెట్టెతో, కంప్యూటర్‌తో సహా కిందికి దించి, బంతిపూల దండ వేసి, వేదిక పక్కన పెట్టారు. కాగితం దూరే చోట కుంకుమ పెట్టారు. అమల తుడిచేసింది. మళ్లీ పెట్టారు. పప్పుల వ్యాపారుల సంఘం ప్రెసిడెంటు అంజన్న పావుగంట ముందే వచ్చాడు, ఫోటోగ్రాఫర్ రాలేదని తెలిసి కారులోనే కూచున్నాడు.

పుస్తకం వచ్చింది. ముదురు ఎరుపు అట్ట మీద బంగారు అక్షరాలు, అవి చూపున్నవాళ్లు చదివే అక్షరాలు. అట్ట మందమే లోపలి కాగితాల కంటే ఎక్కువ.

శ్రవణ్‌కుమార్ మైకు అందుకుని సీరియల్, పారలల్, కంప్రెషన్ అనే మూడు మాటలను ముప్పైసార్లు తిప్పాడు. అంజన్న ప్రతిసారీ చప్పట్లు కొట్టాడు. సేటు లలితమ్మకు శాలువా కప్పాడు. ఫోటో సరిగ్గా రాలేదంటే తీసి మళ్లీ కప్పాడు. తర్వాత శ్రవణ్‌కుమార్ పుస్తకం తెచ్చి ఆమె ఒళ్లో పెట్టి, ఆమె వేలు పట్టుకుని మొదటి పేజీ మొదటి వరుస మీద ఆనించాడు.

లలితమ్మ చదివింది. నాగమణమ్మగారు ఎక్కడ పుట్టారో, ఎవరి కూతురో. గొంతు తడబడలేదు. జనం చప్పట్లు కొట్టారు. సేటు కళ్లు తుడుచుకున్నాడు. శ్రవణ్‌కుమార్ పుస్తకం తీసుకోబోయాడు.

పుస్తకం కదలలేదు.

"ఉండు నాయినా" అంది లలితమ్మ మైకులోనే. "ఒక్క పేజీ చూసి నేను ఎన్నడు అక్షరం పొడవలే."

లలితమ్మ బొటనవేలితో కాగితాల మందం కొలిచింది. సరిగ్గా నడుమ తెరిచింది. వేలు సాగింది. ఆగింది. మళ్లీ మొదటికి వచ్చింది. తర్వాత ఇరవైరెండేళ్లుగా చేస్తున్నట్టే, కాగితం మీద ఏముందో అదే పైకి చదివింది.

"గా... ము... రు... న... న... దాం. బ... స్తా... లు... క... వు..."

అంజన్నకు అది సంస్కృతం అనిపించింది. కళ్లు మూసుకుని చేతులు జోడించాడు. ఆయనను చూసి వెనక వరసలో ఇద్దరు ముగ్గురు కూడా జోడించారు. లలితమ్మ పేజీ తిప్పింది. "తి... తి... ర... గ..." అంజన్న పెదవులు కూడా కదిలాయి.

"ఏందమ్మా అది?" అన్నాడు సేటు చివరికి.

"మీ అమ్మ జీవితం, సేటూ. మీరు కొట్టిచ్చింది."

"గట్లెందుకున్నది?"

"నేనేం చేసిన? ఉన్నదే చదువుతున్న. ముప్పై ఆరు పేజీల మనిషిని ఏడు పేజీలకు తెచ్చిన్రు. మిగిలినామె ఏడ పోయిందో నాకెట్ల తెలుస్తది?"

ఎవరో కిసుక్కున నవ్వారు. శ్రవణ్‌కుమార్ ముందుకు వచ్చి "మామా, మిషన్ పాతది, దాన్ని మార్చాలె, నేను ముందే చెప్పిన" అన్నాడు.

"మిషన్ ఏం చెయ్యలే" అంది లలితమ్మ. "పాపం అది ఆగు ఆగు అని మొత్తుకున్నది. ఇరవయ్యో పిన్ను తీగ వేసినవా?"

జనమంతా శ్రవణ్‌కుమార్ వైపు చూశారు. అతను చేతులు దులుపుకోవడం మర్చిపోయాడు.

అమల సంచి తీసుకుని లేచింది. ఎవరినీ అడగలేదు. మిషను స్విచ్ ఆపి, "ముట్టవద్దు" కాగితం పీకి, మూడు తీగల కేబుల్ ఊడదీసి శ్రవణ్‌కుమార్ చేతిలో పెట్టింది. తన కేబుల్ బిగించింది. గోటితో ఆఖరి స్విచ్ దించింది. మిషను మళ్లీ వేసి బటన్ నొక్కింది.

మిషను పొడవడం మొదలుపెట్టింది. రెండు పేజీలు పొడిచింది, మూడోది పొడిచింది. స్క్రీన్ మీద అంకె నెమ్మదిగా, మిషను వేగానికి తగ్గట్టే కదులుతోంది. ఆ చప్పుడు మామూలుది కాదు, రేకుల మీద కంకర కురిసినట్టు ఉంటుంది. ఆ సమయానికే అంజన్న ఉపన్యాసానికి లేచాడు. నోరు తెరిచాడు, మూశాడు, చెయ్యి ఊపాడు. ఒక్క ముక్క వినపడలేదు. ఆపమని సేటు సైగ చేశాడు.

"నడుమ ఆపొద్దు సేటూ" అంది అమల గట్టిగా. అంత గట్టిగా ఆమె మాట్లాడగలదని ఆమెకే తెలియదు. "ఆపితే మీ అమ్మ మళ్ల సగమే వస్తది."

ఆ మాట తర్వాత ఎవరూ ఆపమనలేదు. పది నిమిషాలు పప్పుల వ్యాపారులంతా షామియానా కింద కూచుని మిషను ఉపన్యాసం విన్నారు.

ముప్పై ఆరు. అమల రెండుసార్లు లెక్కపెట్టి, కట్ట లలితమ్మ ఒళ్లో పెట్టింది. ఆమె నడుమ తెరిచి చదివింది. ఇంకోచోట తెరిచి చదివింది. నాగమణమ్మ గోదాములన్నీ తిరిగి వచ్చాయి. ఒక్క చోట మాత్రం లలితమ్మ ఆగి గోటితో నొక్కింది.

"బిడ్డా, ఇక్కడ ఒత్తు మరిచినవు."

అది అమల టైపు చేసిన తప్పే. స్క్రీన్ మీద కూడా అలాగే ఉంది. దాన్ని శ్రవణ్‌కుమార్ చూశాడు, సేటు చూశాడు, అమల పదిసార్లు చూసింది, ఒక్కరి కంటికీ ఆనలేదు.

సేటు గొంతు సవరించుకున్నాడు. ఈసారి మంచి చెయ్యడానికి కాదు, ఏం చెయ్యాలో తెలియక. "లలితమ్మా, మరి... రేపటి నుంచి..."

"రేపటి నుంచి సైన్సు పాఠాలు" అంది లలితమ్మ. "తొమ్మిదింటికి వస్త. నా కుర్సీ ఎవ్వరు జరపొద్దు."

సేటు తల ఊపాడు. ఆమెకు కనపడదని గుర్తొచ్చి, "సరే" అని పైకి అన్నాడు. ఆ ఒక్క మాట అందరి ముందు మైకులో వినపడింది.

సోమవారం మిషనును పైకి ఎక్కించి బల్ల మీద పెడుతుంటే, లలితమ్మ శాలువాను నాలుగు మడతలు వేసి అమల చేతికిచ్చింది. "మిషన్ కింద పరువు. చప్పుడు తగ్గుతది."

అమల పరిచింది. జరీ అంచు బయటికి కనపడుతుంటే లోపలికి తోసింది. చప్పుడు నిజంగానే కొంచెం తగ్గింది.